తెగిపోయే మాటను వినడం ఎలా?

ఇంట్లో ఒకరి మాటతీరు మారిందని మొదట కనిపెట్టేది డాక్టరు కాదు. అమ్మో, అక్కో, భార్యో కనిపెడతారు. “వీడు ముందటి మాదిరి మాట్లాడతా లేడు” అని వాళ్ళకు లోపల తడుతుంది. కానీ ఆ తట్టినదాన్ని పక్కనపెట్టి, వాడు అనే మాటల నిజానిజాల మీద ఇల్లంతా తగువు పెట్టుకుంటుంది. “పక్కింటోళ్ళు నా గురించే గుసగుసలాడుతుండారు” అని వాడంటే, “యాడ గుసగుసలాడుతుండార్రా, నీకేమన్నా తిక్కా?” అని అందరూ మీద పడతారు. సాక్ష్యాలు చెబుతారు, ఒట్లు వేస్తారు, పక్కింటివాళ్ళను పిలిపించి ముఖాముఖి అడిగిస్తారు కూడా. ఆ తగువులో నెలలు గడిచిపోతాయి. జబ్బు ముదిరేది ఆ నెలల్లోనే.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనిషి ఏమంటున్నాడన్న దాని మీద వాదన ఆపండి. ఎలా అంటున్నాడో చెవిపెట్టి వినండి, రాసిపెట్టండి, ఆ కాగితం పట్టుకుని తొందరగా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మన ఓర్వకల్లు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి 20 కిలోమీటర్లకు కాస్త పైన. నంద్యాల రోడ్డులో బస్సెక్కితే గంటలోపు పని. అయినా ఆ బస్సు ఎక్కడానికి ఏళ్ళు తీసుకున్న కుటుంబాలున్నాయి. 2015-16లో నిమ్హాన్స్ అనే జాతీయ మానసిక వైద్య సంస్థ వాళ్ళు 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఇలాంటి తీవ్రమైన జబ్బున్నవాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతుల మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆసుపత్రి దూరమన్నది ఒక్కటే దీనికి కారణం కాదు. ఆ మాటతీరును జబ్బుగా గుర్తుపట్టకపోవడం అంతకన్నా పెద్ద కారణమని నా నమ్మకం.

మాటలో తెలిసే ఆలోచన

ఎదుటివాళ్ళ ఆలోచనను నేరుగా చూడగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మానసిక వైద్యులకైనా అది మాట ద్వారానే తెలుస్తుంది. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆపి ఊరికి తిరిగొచ్చిన ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. వీడు ఏ ఒక్క ఇంటివాడూ కాదు. స్కిజోఫ్రీనియా అనే ఈ మానసిక జబ్బు చూసిన ఎన్నో ఇళ్ళలో కనిపించేదాన్ని కలిపి చెబుతున్నాను. “పొద్దున ఏం తిన్నావు నాయనా?” అని అమ్మ అడుగుతుంది. వాడు ఇలా అంటాడు: “పొద్దున పొద్దుతిరుగుడు పూసింది... సూర్యుడు శకునాల కాడ సోలార్ ప్లేట్లలో ఉండాడు... ప్లేట్లు అక్క పెండ్లిలో పెట్టినారు, ఇత్తడివి... ఇత్తడికి రేటు ఎవురు కట్టినారు?”

నిదానంగా మళ్ళీ చదవండి. పొద్దున అన్న మాట పొద్దుతిరుగుడును లాక్కొచ్చింది. పువ్వు సూర్యుణ్ణి, సూర్యుడు సోలార్ ప్లేట్లను, ఆ ప్లేట్లు అక్క పెండ్లిని లాక్కొచ్చాయి. ప్రతి మాటకూ దాని ముందు మాటతో ఏదో చుట్టరికం ఉంది. అమ్మ అడిగిన ప్రశ్నతోనే ఏ చుట్టరికమూ లేదు. “ఎగతాళి చేస్తుండాడు” అనో “మత్తులో ఉండాడు” అనో ఇంట్లోవాళ్ళు అనుకునేది ఇక్కడే. వాడు ఎగతాళి చేయడం లేదు. ఒక ఆలోచనను పట్టుకుని చివరిదాకా నడవగలిగే శక్తి వాడికి ఆ రోజుల్లో తగ్గిపోయింది.

ఇంకో తీరులో మాట నడిమధ్యలో ఆగిపోతుంది. “నిన్న అంగడికి పోయి...” అని గోడవైపు చూస్తూ ఉండిపోతాడు. కాసేపటికి ఎక్కడ ఆపాడో వాడికే గుర్తుండదు. “నా ఆలోచన ఎవురో తీసేసుకున్నారు” అని కూడా అనవచ్చు. కొందరు తమ మనసులో అనుకున్నది ఊరంతా వినబడుతోందని భయపడి గది దాటి రారు. కొందరు ఎవరికీ తెలియని కొత్త మాటలు కట్టుకుని, అవి అందరికీ తెలిసినట్టే వాడతారు. మరికొందరిలో మాటే ఎండిపోతుంది. ఏమడిగినా “ఊఁ”, “ఏమో” తప్ప బదులు రాదు. ఈ చివరి తీరును పెద్దలు పొగరు కిందో సోమరితనం కిందో లెక్కగట్టి తిడతారు. అరుపులూ గొడవలూ ఉంటే ఎవరో ఒకరు ఆసుపత్రి మాట ఎత్తుతారు. మాట ఎండిపోయిన పిల్లవాణ్ణి మాత్రం మూలన కూర్చోనిచ్చి వదిలేస్తారు. ఈ రెండో రకం వాళ్ళ గురించే నాకు ఎక్కువ దిగులు.

దీనికి భిన్నంగా, మాట కట్టలు తెంచుకుని ప్రాసల మీద ప్రాసలుగా వచ్చిపడుతూ, రాత్రికి రెండు గంటలు పడుకున్నా అలసట లేకుండా, అప్పుచేసి మరీ వస్తువులు కొంటూ ఉంటే అది బైపోలార్ జబ్బులోని ఉద్రేక దశ కావచ్చు. అన్ని మాటల తడబాట్లూ స్కిజోఫ్రీనియా కాదు. ఏది ఏదో తేల్చడం డాక్టరు పని. తేడాను కనిపెట్టడం మన పని.

ఇక భ్రమల సంగతి. వెనకటి తరంలో “ఎవరో చేతబడి చేశారు” అనే భయం ఎక్కువగా వినబడేది. ఈ తరంలో సెల్‌ఫోన్, సీసీ కెమెరా, డ్రోన్ వచ్చాయి. 2021లో ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలైంది, శకునాల, గని ఊళ్ళ దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఇక్కడి మనిషి భ్రమలోకి అవి రావడంలో వింతేమీ లేదు. 1919లోనే వియన్నాలో విక్టర్ టౌస్క్ అనే వైద్యుడు, ఏదో యంత్రం తమ ఆలోచనలను నడిపిస్తోందని నమ్మే రోగుల గురించి రాశాడు. భ్రమలో కనిపించే వస్తువులు కాలాన్నీ ఊరినీ బట్టి మారతాయి. ఎంత రుజువు చూపినా నమ్మకం చెక్కుచెదరకపోవడం మాత్రం మారదు. అందుకే చేతబడి ఎవరు చేశారని వెతకడం, కెమెరా ఎక్కడుందో చూపించమనడం రెండూ ఒకేలా దండగ.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన పల్లెల్లో అవ్వ ఒక సంగతి మొదలుపెట్టి నాలుగు ఊళ్ళు తిప్పుతుంది. “అదుండనీ అవ్వా, అసలు సంగతి చెప్పు” అంటే వెంటనే వెనక్కి వస్తుంది. అది జబ్బు కాదు. జాతరలో పూనకం వచ్చిన మనిషీ, పీర్ల పండగలో ఆవేశపడిన మనిషీ మర్నాడు చేనికి పోయి కలుపు తీస్తుంటే అదీ జబ్బు కాదు. వెనక్కి పిలిచినా రాలేకపోవడం, రోజుల తరబడి అలాగే ఉండటం, దానితోపాటు నిద్ర, స్నానం, తిండి, పని దెబ్బతినడం కనిపిస్తే జబ్బు ఉందేమోనని అనుమానించాలి.

ఒక్కరోజు కూడా ఆగకూడనివి

నిన్నటిదాకా బాగున్న పెద్దాయన ఈరోజు జ్వరంతోనో, వడదెబ్బ తిన్నాకనో అయోమయంగా మాట్లాడితే అది మనసు జబ్బు కాకపోవచ్చు. రక్తంలో సోడియం పడిపోయినా, చక్కెర తగ్గినా, ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరినా అలా అవుతుంది. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేశాక రెండు మూడు రోజుల్లో వణుకుతూ, లేని పురుగులు కనిపిస్తున్నాయంటే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. కాన్పైన రెండు వారాల్లోపు బాలింతకు నిద్ర పట్టక, మాట తప్పి, బిడ్డ గురించి వింత మాటలు అంటుంటే ఆమెనూ బిడ్డనూ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. చనిపోతాననే మాటకైనా, చనిపొమ్మని గొంతులు చెబుతున్నాయనే మాటకైనా ఇదే వర్తిస్తుంది. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. “గాలి సోకింది” అని బాలింతను చీకటి గదిలో పెట్టి తాయెత్తు కట్టే అలవాటు తల్లీబిడ్డల ప్రాణానికే ముప్పు. ఇంట్లోని పెద్ద ఆడవాళ్ళు గట్టిగా నిలబడి దీన్ని ఆపాలి.

కాగితం పట్టుకుని కర్నూలుకు

ఆసుపత్రికి పోయేముందు ఒక నోటుబుక్కులో ఒక పేజీ రాయండి. మార్పు ఎప్పుడు మొదలైందో పండగలు గుర్తుపెట్టుకుని రాసినా సరే, ఉగాదికి ముందా, దసరా తర్వాతా అని. మనిషి అన్న మాటలను మీ అర్థం చేర్చకుండా యథాతథంగా నాలుగు వాక్యాలు రాయండి. “పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడు” అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. పైన ఇచ్చిన పొద్దుతిరుగుడు జవాబును అలాగే చదివి వినిపిస్తే చాలా తెలుస్తుంది. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నాడో, గంజాయి, మందు అలవాటుందో లేదో, తలకు దెబ్బ, ఫిట్స్, థైరాయిడ్ ఉన్నాయో, మీ వంశంలో ఇంకెవరికైనా ఇలా ఉందో కూడా రాయండి. సిగ్గుపడి గంజాయి సంగతి దాచకండి. గంజాయి ఈ జబ్బును రేపగలదు, తగ్గినదాన్ని తిరగబెట్టగలదు.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఓపీ చీటీ తీసుకుని వెళ్ళాలి. కడప వైపు వాళ్ళకు రిమ్స్ ఉంది. డాక్టరు మీతోనూ మాట్లాడతారు, మనిషితో విడిగానూ మాట్లాడతారు. విడిగా మాట్లాడుతుంటే మధ్యలో దూరి జవాబులు చెప్పకండి. రక్తపరీక్షలు రాయవచ్చు. ఒంటి జబ్బేదీ కాదని తేల్చుకోవడానికే అవి. తొలిరోజే జబ్బు పేరు చెప్పకపోతే అసంతృప్తి పడకండి. కొన్నాళ్ళు చూసి గానీ కొన్ని జబ్బులకు పేరు పెట్టలేరు.

పోను పోనంటే? చాలా ఇళ్ళలో ఇదే పెద్ద చిక్కు. అలాంటప్పుడు ముందు మీరొక్కరే వెళ్ళి డాక్టరుతో మాట్లాడి రావచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మనిషిని ఒప్పించేటప్పుడు “నీకు పిచ్చి, పద” అనకండి. నిద్ర పట్టడం లేదనేది అతనూ ఒప్పుకునే బాధ కావచ్చు. “నిద్ర లేక నలిగిపోతుండావు, దానికన్నా మందు తెచ్చుకుందాం రా” అంటే చాలామంది కదులుతారు. అది అబద్ధం కూడా కాదు. గుడికి పోదామని చెప్పి ఆసుపత్రిలో దింపడం మాత్రం వద్దు. జనం తనను మోసం చేస్తున్నారని అప్పటికే భయపడుతున్న మనిషి అతను.

మండల స్థాయి డాక్టరును తక్కువగా చూడకండి. 1980లలో మన పక్కనున్న బళ్ళారి జిల్లాలో నిమ్హాన్స్ వాళ్ళు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చి, తీవ్రమైన మానసిక జబ్బులకు పల్లెల్లోనే వైద్యం చేయించారు. 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది ఆ బళ్ళారి నమూనా మీదే. దారి ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే మీ ఊరి ఆశా కార్యకర్తనూ, ఆరోగ్య కేంద్రం డాక్టరునూ అడగండి. పెద్దాసుపత్రికి చీటీ రాసి పంపడం వాళ్ళకు తెలిసిన పనే.

మందులు, పెళ్ళి, ఇంటి మాట

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందును ఈ జబ్బుకు వాడటం మొదలైంది. అంతకుముందు గొంతులనూ భ్రమలనూ నిలకడగా తగ్గించే మందంటూ లేదు. ఇప్పుడు రిస్పెరిడోన్, ఓలాంజపీన్ లాంటివి ఇస్తున్నారు. ఇవి మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిని సర్దుతాయి. నిద్ర, ఆందోళన కొద్దిరోజుల్లోనే కుదురుకోవచ్చు గానీ, మాట గాడిన పడటానికి వారాలు పడుతుంది. పది రోజులకే “ఏం గుణం లేదు” అని ఆపేసేవాళ్ళూ, రెండు నెలలకు “బాగైపోయాడు” అని ఆపేసేవాళ్ళూ ఒకే చోట తేలతారు. జబ్బు తిరగబెడుతుంది. తొలిసారి వచ్చినప్పుడైనా కనీసం ఏడాది రెండేళ్ళు వాడమంటారు. ఆపాలా వద్దా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

ఈ మందులతో ఇబ్బందులు ఉన్నాయి. చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం, కాలు నిలవనివ్వని అలజడి, బరువు పెరగడం, చక్కెర పెరగడం, ఆడవాళ్ళకు నెలసరి ఆగడం కనిపించవచ్చు. వాటిని మింగుకుని ఉండనక్కర్లేదు. చెబితే మోతాదు మారుస్తారు, మందు మారుస్తారు. రోజూ మాత్ర వేసుకోలేనివాళ్ళకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. అన్నంలో మాత్ర కలిపి పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ తల్లుల దిక్కుతోచనితనం నాకు అర్థమవుతుంది. కానీ “అన్నంలో విషం కలుపుతుండారు” అనే భ్రమ ఉన్న బిడ్డకు అది ఒక్కసారి తెలిసిందంటే, ఇక మీ చేతి ముద్ద ముట్టడు. డాక్టరుకు చెప్పి ఇంజెక్షన్ సంగతి అడగడం మేలు.

గుంటూరు మిరపకోతలకో, హైదరాబాదు కట్టడం పనులకో వలసపోయే కుటుంబాలు బయలుదేరే ముందే డాక్టరుకు చెప్పి సరిపడా మందులు తీసుకోవాలి. పాత చీటీల ఫోటోలు ఇద్దరి ఫోన్లలో ఉంచుకోవాలి. పోయినచోట పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఆ చీటీ చూపిస్తే వైద్యం కొనసాగుతుంది.

“పెండ్లి చేస్తే కుదురుకుంటాడు.” ఈ మాట విననివాళ్ళు మన దగ్గర ఉండరు. పెళ్ళి మందు కాదు. సంబంధాలు చూసే నెలల్లో ఎవరికీ తెలియకూడదని మాత్రలు ఆపేస్తారు. పెళ్ళి హడావుడిలో నిద్ర చెడుతుంది. కొత్త కోడలి కళ్ళముందే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు చెడేది రెండు జీవితాలు. అమ్మాయికి జబ్బుంటే అత్తింటివాళ్ళు పుట్టింట వదిలేసి పోతారు, ఆమెకు ఆ దెబ్బ జీవితాంతం ఉంటుంది. జబ్బు కుదురుకున్నాక, అవతలివాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, మందులు వాడుతూ పెళ్ళి చేసుకుని సంసారం చేస్తున్నవాళ్ళు ఉన్నారు. దాచి చేసే పెళ్ళిని మాత్రం నేను ఏ రకంగానూ సమర్థించలేను. పిల్లలకు వస్తుందేమోనని అడిగేవాళ్ళకు ఒక మాట. తల్లిదండ్రుల్లో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటే సుమారుగా పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి రాదు.

ఇంట్లో మాట్లాడేటప్పుడు ఒకసారి ఒకే ప్రశ్న అడగండి, చిన్న వాక్యంలో. టీవీ కట్టేయండి. జవాబు దారి తప్పితే, “అర్థం కాలేదు నాయనా, అన్నం తిన్నావా లేదా అది చెప్పు” అని మెల్లగా వెనక్కి పిలవండి. భ్రమను ఒప్పుకోనూవద్దు, కొట్టిపారేయనూవద్దు. “నాకైతే ఎవరూ కనపడతా లేరు. నీకు మాత్రం చానా భయమైతాంది కదా, నేనీడనే ఉంటా” అనండి. అతని భయం నిజం కనుక ఆ మాటా నిజం. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన రోగులను గమనించి, ఎప్పుడూ తప్పులుపట్టే, దెప్పే ఇళ్ళలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందని కనిపెట్టాడు. తర్వాత చండీగఢ్‌లో చూసినప్పుడు అలాంటి ఇళ్ళు లండన్‌లోకన్నా తక్కువ తేలాయి. మన ఇళ్ళలో ఆ బలం ఉంది. దాన్ని దెప్పిపొడుపులతో పోగొట్టుకోవద్దు.

గుడికీ దర్గాకూ పోవాలనుకుంటే పోండి. అక్కడ మనసుకు ఊరట దొరికితే నేనెందుకు కాదంటాను? మాత్రలు మాత్రం సంచిలో వెంట ఉండాలి, వేళకు పడాలి. మందులు మాన్పించేవాళ్ళ దగ్గర, కొట్టేవాళ్ళ దగ్గర, కట్టేసేవాళ్ళ దగ్గర మనిషిని వదలకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మానసిక జబ్బున్న మనిషిని గొలుసులతో కట్టడాన్ని అది నిషేధించింది. ప్రభుత్వ వైద్యం పొందడాన్ని హక్కు చేసింది. మనిషి తన మంచిచెడ్డలు నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే, నామినేట్ అయిన ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల వరకు చేర్చుకునే పద్ధతి కూడా అందులో ఉంది.

సంఘంలో ఈ మాట రావాలి

ఓర్వకల్లుకు ఒక బలం ఉంది. 1995 తర్వాత ఐక్యరాజ్యసమితి సాయంతో నడిచిన పేదరిక నిర్మూలన కార్యక్రమం కాలంలో ఇక్కడి ఆడవాళ్ళు రూపాయి రూపాయి పొదుపు చేసి సంఘాలు కట్టారు. ఆ సంఘాలే పొదుపులక్ష్మి ఐక్య సంఘంగా ఎదిగాయి, బాలభారతి బడిని నడిపాయి. బాల్యవివాహాల గురించి, పిల్లల చదువు గురించి నలుగురిలో మాట్లాడటం వాళ్ళకు అలవాటే. అదే సమావేశంలో ఒక తల్లి లేచి “మా వాని మాట తప్పింది, ఏం చేయాల?” అని అడిగే రోజు రావాలి. అడిగితే ఒకరు బస్సుకు తోడు పోగలరు, ఒకరు ఆ పూట చిన్నపిల్లలను చూసుకోగలరు, ఆ వారం కంతు సర్దుబాటు చేసుకోవచ్చు. చూసుకునే మనిషి కూడా అలసిపోతుంది. ఆమెకు వారానికి ఒక పూటైనా విశ్రాంతి ఇవ్వడం సంఘం చేయగలిగిన వైద్యం.

జబ్బు చాలాకాలం నిలిచిపోతే చట్టం ఆసరా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్నీ వైకల్యంగా గుర్తించింది. మెడికల్ బోర్డు 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉందని ధ్రువపత్రం ఇస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు.

మీ ఇంట్లో ఒకరి మాట కొన్ని వారాలుగా మీకు అందకుండా పోతుంటే, ఇంకో పండగ దాటనిద్దామని ఆగకండి. విన్న నాలుగు మాటలు ఈ రాత్రే రాసిపెట్టుకోండి, 14416కు ఫోన్ చేయండి, ఈ వారంలోనే కర్నూలుకు ఎవరు తోడు వస్తారో అడిగి పెట్టుకోండి.